పాత బ్రిటిష్ కార్నెట్ కొనాలా? ముందు దాని శ్రుతి ఎంతో చూడండి

హడర్స్‌ఫీల్డ్ (ఇంగ్లండ్) దగ్గర ఉంటున్న ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది. పదకొండేళ్ల అమ్మాయి ఊళ్లోని జూనియర్ బ్రాస్ బ్యాండ్‌లో చేరింది, అంటే ఇత్తడి వాద్యాల బృందంలో. ట్రంపెట్‌ని పోలిన చిన్న ఇత్తడి వాద్యం కార్నెట్ నేర్చుకుంటోంది. ఆన్‌లైన్ వేలంలో ఆయనకు రెండు పాత కార్నెట్లు కనిపించాయి. ఒకదాని మీద ‘బెస్సన్ అండ్ కో, ప్రోటోటైప్, 198 యూస్టన్ రోడ్, లండన్’ అని, చుట్టూ పతకాల బొమ్మలు చెక్కి ఉన్నాయట. రెండోది బూసీ అండ్ హాక్స్ వాళ్ల ‘ఇంపీరియల్’. పాతకాలపు బ్రిటిష్ సరుకు ఇప్పటిదానికంటే గట్టిది అంటారు కదా, ఆ బెస్సన్ తీసేసుకోమంటారా అని అడిగారు.

సూటిగా చెప్తానండి. అమ్మాయి వాయించడానికైతే ఆ బెస్సన్ వద్దు. ఇంపీరియల్ పర్వాలేదు, అదీ కింద చెప్పిన రెండు పరీక్షలు నెగ్గితేనే. అసలు ఏదీ కొనకముందు బ్యాండ్ వాళ్లని ఒక మాట అడగండి. ఇక్కడ చాలా బ్యాండ్లకి సొంత వాద్యాలుంటాయి, పిల్లలకి వాడుకోవడానికి ఉత్తినే ఇస్తారు. మన పేరెంట్స్‌లో చాలామందికి ఈ సంగతి తెలియక మొదటి వారమే డబ్బు ఖర్చు పెట్టేస్తున్నారు. బెస్సన్ మీద అంత మనసుంటే మీకోసం కొనుక్కోండి, షోకేసులో పెట్టుకోండి. ముచ్చటైన వస్తువే, కాదనను.

నేను వెస్ట్ యార్క్‌షైర్‌లో ఒక ఊరి బ్యాండ్‌లో సెకండ్ కార్నెట్ వాయిస్తాను. పాత ఇత్తడి వాద్యాలు బాగుచేయడం నా పక్క పని. ఈ ప్రశ్న ఏడాదికి ఒకసారైనా ఏదో ఒక రూపంలో నా దగ్గరికి వస్తుంది. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

అసలు చిక్కు నాణ్యత కాదు, శ్రుతి

విక్టోరియా కాలంలో ఇంగ్లండ్ బ్యాండ్లన్నీ ‘హై పిచ్’లో వాయించేవి. అంటే ‘ఎ’ స్వరం 452.5 హెర్ట్జ్ దగ్గర ఉండేది. ఇప్పుడు ప్రపంచంలో దాదాపు అంతటా 440. ఆ తేడా ఎంతో మన లెక్కలో చెప్పాలంటే, ఒకటో శ్రుతికీ ఒకటిన్నర శ్రుతికీ మధ్య ఎంత దూరం ఉందో అందులో దాదాపు సగం. హార్మోనియం మీద రెండు మెట్ల మధ్య సందులో పడుతుందన్నమాట. ఏ మెట్టు నొక్కినా దానితో కలవదు.

ఆర్కెస్ట్రాలు 1890ల నుంచే కిందికి దిగడం మొదలుపెట్టాయి. సైన్యం బ్యాండ్లు 1920ల చివర్లో దిగాయి. బ్రాస్ బ్యాండ్లు మాత్రం 1960ల మధ్య దాకా హై పిచ్‌లోనే ఉండిపోయాయి. మొండితనం అనుకోకండి. బ్యాండ్‌లో పాతికమంది ఉంటారు, ఒక్కరు మారితే కుదరదు. మొత్తం సెట్టు మార్చాలంటే ఊరంతా చందాలు పోగుచేయాలి. పైగా వీళ్లు వాయించేది వీళ్లలో వీళ్లే. పియానోతోనో వయొలిన్‌తోనో కలిసి వాయించే అవసరం అరుదు కాబట్టి పాత శ్రుతితో ఎవరికీ ఇబ్బంది ఉండేది కాదు. చివరికి 1960ల మధ్యలో బూసీ అండ్ హాక్స్ హై పిచ్ వాద్యాల తయారీ ఆపేసేసరికి అందరూ మారక తప్పలేదు. సాల్వేషన్ ఆర్మీ (క్రైస్తవ సేవా సంస్థ) బ్యాండ్లూ ఆ రోజుల్లోనే మారాయి.

కాబట్టి 1960ల మధ్యకి ముందు బ్రాస్ బ్యాండ్ కోసం చేసిన కార్నెట్ ఏదైనా హై పిచ్ కావచ్చు అనుకునే చూడాలి. మీరు చెప్పిన ఇంపీరియల్‌కీ ఇదే వర్తిస్తుంది. ఇంపీరియల్ పేరుతో చాలా ఏళ్లు అమ్మారు, అందులో రెండు రకాలూ ఉన్నాయి.

స్లయిడ్ (లోపలికీ బయటికీ జరిగే యు ఆకారపు గొట్టం) బయటకు లాగితే శ్రుతి దిగదా అని అడుగుతారు. దిగుతుంది. కార్నెట్‌కి సుమారు నాలుగు సెంటీమీటర్ల గొట్టం అదనంగా కావాలి. స్లయిడ్‌కి రెండు కాళ్లు కాబట్టి రెండు సెంటీమీటర్లు లాగితే సరిపోతుంది. ట్యూబా అనే పెద్ద ఇత్తడి వాద్యంతో పోలిస్తే కార్నెట్ నయం, ట్యూబాకి ఇంకా చాలా పొడవు కావాలి. కానీ కార్నెట్‌లోనూ రెండు సెంటీమీటర్లు అక్కడే అయిపోతే, చలికి వేడికి సర్దుకోవడానికి ఏం మిగలదు. శ్రుతి మొత్తం మార్చే మెయిన్ స్లయిడ్ లాగినప్పుడు, వేళ్లతో నొక్కే మూడు వాల్వులకీ ఉన్న స్లయిడ్లు మూడింటినీ తగిన పాళ్లలో లాగాలి. పాతవాటిలో అవి బిగుసుకుపోయి ఉంటాయి. అలా వదిలేస్తే ఒకటీ మూడూ కలిపి నొక్కే స్వరాలు పైకి తన్నుతాయి.

నాకు బాగా తెలిసిన ఉదాహరణ ఒకటి. ఒక తల్లిదండ్రులు వేలంలో అందమైన వెండి పూత కార్నెట్ కొని బాబుకి ఇచ్చారు. బాబు ప్రతి రిహార్సల్‌లోనూ శ్రుతి తప్పుతున్నాడు. వాడికి చెవి లేదేమోనని టీచర్‌కి అనుమానం, ఇంట్లో అందరికీ టెన్షన్. వాద్యం నా దగ్గరికి తెచ్చారు. స్లయిడ్ పూర్తిగా లోపలికి తోసి, వాల్వులు ఏవీ నొక్కకుండా మధ్య స్వరం వాయించి, ట్యూనర్ (శ్రుతి చూపే పరికరం) పెట్టి చూశాను. ముల్లు బి ఫ్లాట్ దగ్గర ఆగాలి. ముల్లు బి ఫ్లాట్‌కీ బి‌కీ మధ్యలో నిలబడింది. బాబు చెవి శుభ్రంగా ఉంది. అంతమంది మధ్య శ్రుతిలో ఉండాలని పెదవులతో లాగి లాగి వాడు అలిసిపోతున్నాడు. బ్యాండ్ బీరువాలోంచి వేరే కార్నెట్ ఇచ్చాక ఆ గోల తీరింది. పెద్దవాళ్లకైతే ఇది చిరాకు. మొదటి ఏడాదిలో ఉన్న పిల్లలకి మాత్రం పెదవి అలవాటే చెడుతుంది.

ఫోన్‌లో ట్యూనర్ యాప్ ఉంటే ఈ పరీక్ష ఎవరైనా చేయొచ్చు. అమ్మేవాళ్లు ఊదలేమంటే, మెయిన్ స్లయిడ్ కొత్తగా, మిగతా గొట్టం కంటే తళతళగా, పొడుగ్గా ఉందేమో ఫోటో అడగండి. 1960లలో చాలా బ్యాండ్లు వాద్యాలు పారేయకుండా పొడవు స్లయిడ్లు వేయించుకున్నాయి. అలా మార్చినవి 440కి వస్తాయి. ఆ పని చక్కగా చేసినవీ ఉన్నాయి, చేతికొచ్చినట్టు అతికినవీ ఉన్నాయి.

ఇక చరిత్ర, ఆ చెక్కడం ఏం చెప్తుందో

కార్నెట్ పుట్టింది పారిస్‌లో, 1820ల చివర్లో. తపాలా బండ్ల వాళ్లు ఊదే కొమ్ముకి వాల్వులు తగిలించడంతో మొదలైంది. ఇప్పుడు మనం చూసే రకం వాల్వుని పెరినే అనే ఆయన 1839లో పారిస్‌లోనే తెచ్చాడు. ఇంగ్లండ్‌కి వచ్చాక ఉత్తరాది మిల్లు ఊళ్లు దీన్ని సొంతం చేసుకున్నాయి. ఇత్తడి వాద్యాలు వాయించే డిస్టిన్ అనే ఇంగ్లిష్ కుటుంబం 1844లో పారిస్‌లో వాద్యాలు తయారుచేసే అడాల్ఫ్ సాక్స్‌ని కలిసి, ఆయన చేసిన శాక్స్‌హార్న్‌లు (చిన్నా పెద్దా సైజుల్లో ఒకే తీరు వాల్వు వాద్యాలు) పట్టుకుని ఊరూరా కచేరీలు చేసింది. 1853లో మాంచెస్టర్ బెల్ వ్యూలో మొదటి పెద్ద పోటీ జరిగితే, పూర్తి శాక్స్‌హార్న్‌ల సెట్టుతో వచ్చిన మాస్లీ ఊరి బ్యాండ్ గెలిచింది. ఆ తర్వాత ఏ బ్యాండ్‌కి చూసినా ఒకే తీరు వాద్యాల సెట్టు కావాలనే పట్టుదల వచ్చింది. బ్రాడ్‌ఫర్డ్ దగ్గర క్వీన్స్‌బరీలో జాన్ ఫాస్టర్ మిల్లు అండతో బ్లాక్ డైక్ బ్యాండ్ 1855లో తయారైంది. ఇప్పటికీ అదే పేరుతో వాయిస్తోంది. మా బ్యాండ్‌లో పెద్దవాళ్లు ఆ పేరు పలికే తీరు చూడాలి, కొంచెం భక్తి, కొంచెం కడుపుమంట.

ఈ గిరాకీ మీద పెరిగిన కంపెనీల్లో మీకు ఎక్కువగా తగిలేవి మూడు.

మొదటిది బెస్సన్. గుస్తావ్ బెస్సన్ 1837లో పారిస్‌లో మొదలుపెట్టి, 1850ల చివర్లో లండన్‌కి వచ్చాడు. మీరు చూసిన ‘ప్రోటోటైప్’ ముద్రని చూసి ఇది మొదటి నమూనా, ప్రపంచంలో ఒక్కటే ఉంది అని ధర పెంచి అమ్మేవాళ్లున్నారు. నమ్మకండి. 1850ల మధ్యలో బెస్సన్ తెచ్చిన తయారీ పద్ధతి అది. వాద్యంలోని ప్రతి భాగానికీ కొలత తప్పని ఉక్కు అచ్చు కడ్డీ ఒకటి ఉంటుంది, రేకుని దానిమీదే తీరుస్తారు. దాంతో ఒకే మోడల్‌లో ఈ కార్నెట్‌కీ ఆ కార్నెట్‌కీ తేడా రాదు. అంతకుముందు ఒకే పనివాడు చేసిన రెండు కార్నెట్లు కూడా రెండు రకాలుగా పలికేవి. అంటే ఆ ముద్ర ఉన్నవి వేలకొద్దీ ఉన్నాయి. యూస్టన్ రోడ్ చిరునామా, పతకాల వరస చూస్తే మీది పందొమ్మిదో శతాబ్దం చివరిదో, ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగానిదో అయ్యుంటుంది. పతకాలు కంపెనీకి ప్రదర్శనల్లో వచ్చినవి, ఆ వాద్యానికి వచ్చినవి కావు. జాబితాలో చివరి పతకం ఏ ఏడాదిదో చూస్తే, వాద్యం అంతకంటే ముందుది కాదని తేలుతుంది. అంతవరకే దాని ఉపయోగం.

రెండోది బూసీ. 1868లో హెన్రీ డిస్టిన్ కంపెనీని కొనుక్కుని ఇత్తడి వాద్యాల్లోకి దిగింది. వీళ్ల దగ్గర పనిచేసిన బ్లెయిక్లీ 1874లో ‘కాంపెన్సేటింగ్’ వాల్వులకి పేటెంట్ తీసుకున్నాడు. వాల్వులు కలిపి నొక్కినప్పుడు గొట్టం పొడవు చాలక స్వరం పైకి పోతుంది కదా, ఆ లోటు దానంతటదే పూడేలా వెనకవైపు చిన్న చిన్న గొట్టం చుట్లు పెట్టాడు. యుఫోనియం అనే పెద్ద వాద్యానికి అది వరం, ఇప్పటికీ వాడుతున్నారు. కార్నెట్‌కి పెట్టినవీ అప్పుడప్పుడు కనిపిస్తాయి. నా అభిప్రాయంలో కార్నెట్‌కి అది అనవసరపు బరువు, ఊదితే గాలి బిగబట్టినట్టు ఉంటుంది. 1930లో బూసీ, హాక్స్ అనే మరో వాద్యాల కంపెనీ కలిశాయి. 1948లో బెస్సన్ కూడా వాళ్ల చేతికే వచ్చింది. అక్కడినుంచి ఎడ్జ్‌వేర్ ఫ్యాక్టరీలో ‘బెస్సన్ న్యూ స్టాండర్డ్’, ‘బూసీ అండ్ హాక్స్ ఇంపీరియల్’ అని రెండు పేర్లతో దాదాపు ఒకటే కార్నెట్ తయారైంది. నాది మేలంటే నాది మేలని ఇక్కడ పబ్బుల్లో వాదించుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వినడానికి భలే సరదాగా ఉంటుంది.

మూడోది హైయమ్. 1842లో మాంచెస్టర్‌లో మొదలైంది, స్ట్రేంజ్‌వేస్‌లో ఉండేది. లండన్ బయట ఇంత పేరున్న వాద్యాల కంపెనీ మరొకటి చెప్పడం కష్టం. యార్క్‌షైర్, లాంకషైర్ అటకల మీద ఎక్కువగా దొరికేవి ఇవే. ఒక గని కార్మికుడి కుటుంబం నా దగ్గరికి తెచ్చిన హైయమ్ పెట్టె గుర్తుంది. లోపల ఎర్ర వెల్వెట్ చీడ పట్టి రాలిపోతోంది, మూలన పాటల కాగితం పెట్టుకునే చిన్న ఇత్తడి క్లిప్, బి ఫ్లాట్ నుంచి ‘ఎ’కి దించే అదనపు గొట్టం ముక్క ఉన్నాయి. మెయిన్ స్లయిడ్ చిలుముతో కరుచుకుపోయింది. నూనె వేసి కొన్నాళ్లు నానబెట్టి, వేడి చూపించి, గుడ్డ బెల్టు దూర్చి ఒక్క కుదుపుతో లాగితే ఊడింది. ఊడాక లోపల గోడ చూస్తే కొత్తదానిలా నున్నగా ఉంది. పనితనం అంటే అదే.

వీటికి తోడు సాల్వేషన్ ఆర్మీకి సొంత ఫ్యాక్టరీ ఉండేది, సెయింట్ ఆల్బన్స్‌లో. వాళ్ల ‘ట్రయంఫోనిక్’ కార్నెట్లు గట్టివి. 1972లో అదీ బూసీ అండ్ హాక్స్‌లో కలిసిపోయింది. మంచి కార్నెటిస్టులు లండన్‌లో ఫ్రెంచ్ కుర్త్వా కార్నెట్లూ వాడేవారు, చాపెల్ కంపెనీ వాళ్లు అమ్మేవారు. ఆ పేరుతో మంచి స్థితిలో ఒకటి దొరికితే నాకు చెప్పండి, మీరు కొనకపోతే నేను కొంటాను.

పాతవి నిజంగా మేలా?

పనితనంలో మేలే. బెల్ (వెడల్పాటి చివర) రేకు సాగగొట్టిన తీరు, చెక్కడం, అతుకుల్లో టంకం కనపడనంత శుభ్రం, ఇవి ఇప్పటి చవక కార్నెట్లలో చూడలేం. స్వరంలో మాత్రం ‘వేరు’ అంటాను, ‘మేలు’ అనను. పాతవాటి గొట్టం ఇరుకు, పలుకు చిన్నది, తియ్యనిది. కీర్తనల్లాంటి నెమ్మది పాటలకి ఎంతో బాగుంటుంది. ఇప్పటి బ్యాండ్‌లో పది కార్నెట్లుంటాయి, సొప్రానో అనే చిన్న కార్నెట్‌తో కలిపి. అందరి చేతిలో వెడల్పు గొట్టం కార్నెట్లు, లోతైన మౌత్‌పీస్‌లు. ఆ మధ్యలో విక్టోరియా కాలపు కార్నెట్ వినపడనే వినపడదు. పైగా కొన్ని స్వరాలు కిందికో పైకో జారే గుణం పాతవాటిలో ఎక్కువ. అనుభవం ఉన్నవాళ్లు పెదవితో సర్దుకుంటారు, పిల్లలు సర్దుకోలేరు.

వాయించడానికి పాతదే కావాలంటే నేను చూపించేది 1970ల, 80ల తొలి బెస్సన్ ‘సావరిన్’. 1970ల మధ్యలో వచ్చింది. బెల్ మీద గుండ్రటి ముద్ర ఉన్న తొలినాటి వాటికోసం ఇక్కడి పెద్ద బ్యాండ్ల వాళ్లు ఇప్పటికీ వెతుకుతారు. అది 440 వాద్యం, శ్రుతి గొడవ లేదు. ధర ఎక్కువే, మొదటి ఏడాది పిల్లకి అవసరం లేదు.

ఇంపీరియల్ కొనేముందు రెండు పరీక్షలు

మొదటిది శ్రుతి, పైన చెప్పాను. రెండోది వాల్వుల బిగువు. వాల్వ్ నొక్కకుండా, ఆ వాల్వ్ తాలూకు స్లయిడ్‌ని నెమ్మదిగా కొంచెం లాగి ఆగండి. ఇప్పుడు వాల్వ్ నొక్కండి. ‘ఠప్’ అని గాలి చప్పుడు వస్తే పిస్టన్‌కీ (నొక్కితే లోపల కదిలే ముక్క) గోడకీ మధ్య బిగువు ఉందన్నట్టు. ఏ చప్పుడూ రాకపోతే గాలి కారిపోతోంది. మూడు వాల్వులకీ చేయండి. అరిగిన పిస్టన్లకి మళ్లీ పూత వేయించి సానపట్టించడం కార్నెట్ ధరని మించిపోతుంది. సొట్టలకి భయపడకండి, అవి తీయడం తేలిక. వాల్వ్ కేసింగ్ (పిస్టన్ కదిలే బయటి గొట్టం) మీద సొట్ట ఉంటే మాత్రం వదిలేయండి. మౌత్‌పీస్ పెట్టే చోటి నుంచి వచ్చే మొదటి గొట్టం మీద గులాబి రంగు చుక్కలుంటే ఇత్తడిలోంచి జింక్ పోతోందన్నమాట, అది లోపల్నుంచి తినేస్తుంది.

మౌత్‌పీస్ సంగతి కూడా. కొన్ని పాత బ్రిటిష్ కార్నెట్లలో మౌత్‌పీస్ దూరే రంధ్రం సన్నం. ఇప్పటి మౌత్‌పీస్ సగమే వెళ్లి ఆగుతుంది, మళ్లీ శ్రుతి చెడుతుంది. సన్నకాడ మౌత్‌పీస్‌లు విడిగా దొరుకుతాయి, రంధ్రం మాత్రం పెద్దది చేయించకండి. పెట్టెలో వచ్చిన పాత మౌత్‌పీస్ పూత పోయి ఉంటే పాప నోట్లో పెట్టనివ్వొద్దు.

ఇండియాలో వెతికేవాళ్లకి

హైదరాబాద్ నుంచో గుంటూరు నుంచో కొందరు ఇదే అడుగుతుంటారు కాబట్టి ఒక మాట. మన పెళ్లి బ్యాండ్ల ఇత్తడి వాద్యాలు చాలావరకు మీరట్ జలీ కోఠీ నుంచి వచ్చినవి. బ్రిటిష్ సైన్యం బ్యాండ్ల వాద్యాల తీరులోనే అక్కడ తయారీ మొదలైంది. బారాత్ ముందు నడుస్తూ వాయించడానికి అవి పనికొస్తాయి, దాచాల్సిన పనిలేదు. వేరే రకం ఉంది, జాగ్రత్త: అలంకారం కోసం చేసి ‘లండన్’ అని పెద్ద పేరు చెక్కిన చిన్న కార్నెట్లు. వాటి మీద చెక్కడం లోతు లేకుండా గీసినట్టు ఉంటుంది, సీరియల్ నంబర్ ఉండదు, పిస్టన్ బయటికి తీస్తే రంధ్రాల అంచులు గరుకుగా ఉంటాయి. అవి ఊదడానికి పనికిరావు.

ఆ బెస్సన్ వయసు కచ్చితంగా తెలుసుకోవాలంటే సీరియల్ నంబర్ చూడండి, సాధారణంగా రెండో వాల్వ్ కేసింగ్ మీద ఉంటుంది. బూసీ అండ్ హాక్స్ పాత రికార్డులు, వాద్యాల సేకరణ 2004లో లండన్ హార్నిమన్ మ్యూజియంకి చేరాయి. నంబర్‌ని బట్టి కాలం తేల్చడానికి ఆ లెడ్జర్లే ఆధారం. నంబరు, రెండో వాల్వ్ దగ్గరి ఫోటో, మెయిన్ స్లయిడ్ ఫోటో ఇక్కడ పెట్టండి. హై పిచ్ అవునో కాదో చూసి చెప్తాను. వేలం ఈలోపు ముగిసిపోతే పోనివ్వండి, ఇలాంటివి ప్రతి నెలా వస్తూనే ఉంటాయి.